మా పెరటికి చలికాలంలో ఎవరెవరొస్తారంటే

దీపావళి అయిపోయి పొద్దున్నే కొంచెం చలి మొదలైందంటే చాలు, బర్డ్ ఫీడర్ ఆన్‌లైన్‌లో తెప్పించాం, అందులో ఏం గింజలు వెయ్యాలి అని తెలిసినవాళ్ళంతా అడుగుతుంటారు. ఈసారి అందరికీ కలిపి ఇక్కడే రాసేస్తున్నా.

ముందు ఒక విషయం. మంచు కురిసే దేశాల్లో చలికాలం అంటే పిట్టలకి కరువే, నేలంతా మంచు కప్పేస్తే గింజ దొరకదు పురుగు దొరకదు, పగలు చూస్తే చిన్నది, అక్కడ జనం ఫీడర్లలో పెట్టే పొద్దుతిరుగుడు గింజలు, కొవ్వు ముద్దలు నిజంగానే వాటికి ఆసరా. మన హైదరాబాద్ చలి అలాంటిది కాదు. ఇక్కడ వరి కోతలు, కల్లాలు అన్నీ ఈ చలి మొదట్లోనే, పురుగూ పుట్రా కూడా బాగానే ఉంటాయి, అందుకే ఎక్కడో మధ్య ఆసియాలో పుట్టిన పిట్టలు కూడా అక్కడి చలి తప్పించుకుని మన దగ్గరికి వస్తాయి. కాబట్టి మనం పెట్టకపోతే అవి ఆకలికి చచ్చిపోతాయేమో అన్న బెంగ అక్కర్లేదు. మనం పెట్టేది వాటిని దగ్గరగా చూసుకోవడానికి. అందుకని వాటికి చెడు జరక్కుండా పెట్టడం మన బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతా.

గింజలు డాబా మీద కుప్పగా పోస్తే వచ్చేవి పావురాలే. ఒకసారి అలవాటు పడ్డాయంటే ఇంకో పిట్టని దగ్గరికి రానివ్వవు, ఏసీ మీద, వెంటిలేటర్లో గూళ్ళు పెట్టేస్తాయి, వాటి రెట్ట, ఈకల దుమ్ము పీల్చీ పీల్చీ కొందరికి హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు కూడా వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు, ఆస్తమా ఉన్నవాళ్ళు ఉంటే మరీ జాగ్రత్త. పుణ్యం అనుకుని చేసేవాళ్ళని నొప్పించాలని కాదు గానీ, బస్తాలు బస్తాలు జొన్నలు పొయ్యడం మాత్రం ఆపాలి.

మరి పిచ్చుకలకి ఏం పెట్టాలి అంటే వరి కంకుల కుచ్చు, దాన్ని మించింది నాకైతే కనపడలేదు. మా అమ్మది నల్గొండ వైపు పల్లె, కోతలప్పుడు మంచి కంకులు ఏరి జడలాగా అల్లి చూరుకి కట్టేవాళ్ళు, ఇప్పుడు సిటీలో కూడా సంక్రాంతి ముందు అక్కడక్కడా అమ్ముతున్నారు. మేముండేది సైనిక్‌పురిలో, చుట్టుపక్కల పాత ఇళ్ళు, చెట్లు ఇంకా మిగిలున్నాయి కాబట్టి పిచ్చుకలు కూడా ఉన్నాయి. నేను కుచ్చు కడుతుంటే అమ్మ పక్కన నిలబడి "గట్టిగ బిగించకు బిడ్డా, కంకులు కిందికి యాలాడాలె, గప్పుడే పిచ్చుక పట్టుకుంటది" అంటుంది. అందులో ఎంత తెలివి ఉందో చూడండి, పిచ్చుక, మునియా లాంటి చిన్న పిట్టలు కంకిని కాళ్ళతో పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ కూడా తినగలవు, పావురం అలా వేలాడలేదు, కింద రాలిన నాలుగు గింజలు ఏరుకోవడం తప్ప దానికి ఏమీ దక్కదు. కుచ్చు దొరక్కపోతే కొర్రలో సజ్జలో చిన్న గిన్నెలో, పొద్దున ఒక గంటలో అయిపోయేంత మాత్రమే వెయ్యండి. మిక్చర్, చిప్స్, బ్రెడ్ ముక్కలు, ఉప్పు తగిలింది ఏదీ వద్దు. ఇంకోటి, పిచ్చుక పిల్లలకి మొదట్లో కావాల్సింది గింజ కాదు పురుగులు, అది గుర్తుపెట్టుకోండి, పురుగుల సంగతికి మళ్ళీ వస్తా.

పండు పెడితే వేరే బ్యాచ్ వస్తుంది. బాగా మగ్గిన అరటిపండు సగం, జామ ముక్క, బొప్పాయి ముక్క కొమ్మకి గుచ్చితే పిగిలిపిట్టలు జంటగా వస్తాయి, తోక కింద ఎర్రగా ఉంటుంది చూడండి అవే, గోరింకలు వస్తాయి, ఒంటినిండా తెల్ల చుక్కలున్న ఆడ కోయిల గుట్టుగా వచ్చి పోతుంది.

గింజలు, పండ్ల కన్నా నీళ్ళకే ఎక్కువ పిట్టలొస్తాయి. వెడల్పాటి మట్టి మూకుడు, రెండు అంగుళాల కంటే లోతు వద్దు, మధ్యలో ఒక గరుకు రాయి పెడితే చిన్న పిట్టలు దాని మీద నిలబడి తాగుతాయి. పిల్లులున్న వీధి అయితే నేల మీద కాకుండా గోడ మీదో స్టాండ్ మీదో. నీళ్ళు రోజూ పారబోసి మూకుడు పీచుతో రుద్ది కడగాలి, ఒకే నీళ్ళలో అన్ని పిట్టలూ దిగితే ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటుకుంటుంది, పైగా దోమ లార్వా పెరగడానికి ఒక వారం నిలవ నీళ్ళు చాలు, మన ఊళ్ళో డెంగీ సంగతి తెలిసిందే కదా.

తేనెపిట్టకి చక్కెర నీళ్ళు పెట్టొద్దు, మందార, హమేలియా మొక్కలు పెట్టండి, అవే పిలుస్తాయి. చలికాలం మొదట్లో ఊదా తేనెపిట్ట మగది తన మెరిసే రంగు వదిలేసి ఆడదానిలాగే పసుపు పొట్టతో తిరుగుతుంది, గొంతు నుంచి పొట్ట దాకా నల్ల గీత ఒక్కటే గుర్తు. చలి తగ్గేకొద్దీ అక్కడొక మచ్చ ఇక్కడొక మచ్చగా నలుపు ఎక్కుతూ మళ్ళీ నిగనిగలాడుతుంది. ఒకే పిట్ట అలా మారడం వారం వారం కిటికీలోంచి చూడటం నాకు ఈ సీజన్‌లో అన్నిటికంటే ఇష్టం.

ఇప్పుడు అసలు సంగతి. దూరం నుంచి వచ్చే చలికాలం అతిథులు దాదాపు ఏవీ ఫీడర్ వైపు చూడను కూడా చూడవు. వాటికి కావాల్సింది పురుగులు, పురుగులకి కావాల్సింది పొద. మా ప్రహరీ వెంట గోరింటాకు, కరివేపాకు, నిమ్మ, అన్నీ కాస్త అడ్డదిడ్డంగానే పెరగనిస్తాం, పురుగుమందు కొట్టం, కింద రాలిన ఆకులు ఊడ్చం. ఆ పొదలోంచి ఎవరో నాలుకతో కొట్టినట్టు చక్... చక్... అని వినిపిస్తుంది, అది బ్లిత్స్ రీడ్ వార్బ్లర్, మట్టి రంగు, చూడటానికి ఏ ప్రత్యేకతా ఉండదు, అది గుడ్లు పెట్టేది ఫిన్లాండ్ నుంచి సైబీరియా దాకా ఉన్న చోట్లలో. ఆ వేలెడు పిట్ట అంత దూరం ఎగిరొచ్చి మన కరివేపాకు చెట్టులో పురుగులేరుకుంటుంటే నాకు ప్రతి ఏడూ ఒళ్ళు పులకరిస్తుంది. ఇంకోటి రెడ్-బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్, నల్ల తోక, తోక మొదలు దగ్గర రెండు పక్కలా తెలుపు, దాన్ని పైకి ఎగరేస్తూ కూర్చుంటుంది, గొంతు దగ్గర నారింజ రంగు పెద్ద మగవాటికే. రాలిన ఆకుల్లో సాత్‌భాయ్‌ల (జంగిల్ బాబ్లర్ పిట్టల) గుంపు రచ్చ రచ్చగా తిరగేస్తూ పోతుంది, అవి ఇక్కడివే. రావిచెట్టు కాయలు కాసిందంటే పైన గులాబీ రంగు, నలుపు కలిసిన రోజీ స్టార్లింగ్‌లు గుంపులుగా దిగుతాయి, జొన్న చేలు కూడా వీటికి మహా ఇష్టం.

పిట్టలన్నీ ఒక్కసారిగా సైలెంట్ అయిపోయి ఉడుత ఒక్కటే ఆపకుండా అరుస్తుంటే పైకి చూడండి, షిక్రా డేగ వచ్చి ఉంటుంది. తరమకండి, అదీ బతకాలి. నాకు డేగ కంటే సంక్రాంతికి గాలిపటాలకి కట్టే మాంజా దారం అంటే భయం. సింథటిక్ మాంజాని ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) 2017లోనే దేశమంతా బ్యాన్ చేసింది, అయినా పండగ తర్వాత చెట్లకి దారాలు వేలాడుతూనే ఉంటాయి. కనుమ మర్నాడు పొడుగు కర్ర తీసుకుని మీ చెట్లకున్న దారాలన్నీ లాగేయండి. పిట్ట చిక్కుకుని ఉంటే దారం గుంజొద్దు, రెక్క తెగుతుంది, దారాన్ని రెండు వైపులా కత్తిరించి, గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి రెస్క్యూ వాళ్ళకి ఫోన్ చెయ్యండి.

పేర్లు తెలియకపోయినా ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, తేదీ, టైమ్, ఏ చెట్టు మీద, ఏం తింటోంది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పిట్టల సర్వే చేశాడు, అప్పుడు రాసిపెట్టాడు కాబట్టే ఏది ఎక్కడ ఉండేదో ఇవాళ పోల్చి చూడగలుగుతున్నాం. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది, మన దేశంలో 2013 నుంచి చేస్తున్నారు, ఒకచోట కనీసం పదిహేను నిమిషాలు కూర్చుని కనపడినవి లెక్కపెట్టి ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో ఎక్కించడమే, డబ్బులేమీ కట్టక్కర్లేదు. వచ్చిన పిట్టే మళ్ళీ మళ్ళీ వస్తుంటే ప్రతిసారీ కలపకుండా, ఒకేసారి ఎక్కువగా ఎన్ని కనపడ్డాయో ఆ నంబర్ వెయ్యండి. పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి, మన కంటే వాళ్ళ కళ్ళకే ముందు దొరుకుతాయి.