క్లచ్ లేని బండితో కొండెక్కాను

అనంతపురం పక్కన మా ఊరి చెరువుకట్ట మీద నేను బండి నేర్చుకున్నది యమహా ఆర్‌ఎక్స్100తో. 98 సీసీ ఇంజిన్, 11 హార్స్‌పవర్. రెండో గేరులో సౌండు సన్నబడి పైకి లేచిందంటే బండి ఇక లాగుతుందని చెవికే తెలిసిపోయేది. ఇప్పుడు కాలిఫోర్నియాలో శాన్ హోసేలో ఉంటున్నాను. సెలవు రోజుల్లో హోండా సీఆర్‌ఎఫ్250ఎఫ్ మీద మట్టిదారులు తిరుగుతాను. బండి మారినా అలవాటు మారలేదు. చెవి ఇంజిన్ మీద ఉంటుంది, ఎడమచేతి రెండు వేళ్లు క్లచ్ మీద ఉంటాయి.

మాతో రైడింగ్‌కు వచ్చే కరీంనగర్ అన్న ఒకాయన స్టార్క్ వార్గ్ ఈఎక్స్ కొన్నాడు. ఎలక్ట్రిక్ బండి, స్పెయిన్ కంపెనీది. "ఒక్కసారి ఎక్కి చూడు తమ్ముడూ, నచ్చకపోతే దిగెయ్" అని ఎన్నిసార్లు అన్నా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను. అసలు కారణం భయం. దాని బరువు 120 కిలోలు, నా హోండా కూడా దాదాపు అంతే. కానీ దాని పవర్ 80 హార్స్‌పవర్ వరకు పెట్టుకోవచ్చు. గేర్లు లేవు, క్లచ్ లేదు. చేయి జారితే పట్టుకోవడానికి ఏముంటుందన్నది నా టెన్షన్.

మొన్న అక్టోబరులో హాలిస్టర్ హిల్స్ అనే బండ్లు తిప్పుకునే కొండల పార్కుకు వెళ్లినప్పుడు ఒప్పుకున్నాను. శాన్ ఆండ్రియాస్ భూభ్రంశరేఖ (భూకంపాలు పుట్టే నేల చీలిక) ఈ పార్కు మధ్యగుండానే పోతుంది. ఎండిన గడ్డి, ఓక్ చెట్లు, పొడిపొడిగా రాలే గ్రానైట్ మట్టి. ఆ మట్టి మీద టైరు జారడం మామూలే.

మొదట అన్న నాకు నేర్పింది బండి ఆఫ్ చేయడం. ఈ ఒక్క మాట ఎలక్ట్రిక్ బండి ఎక్కబోయే ప్రతి ఒక్కరికీ చెప్పాలనిపిస్తుంది. పెట్రోలు బండి ఆన్‌లో ఉంటే దడదడలాడుతూ చెబుతుంది. ఇది చెప్పదు. పక్కన నిలబడి హ్యాండిల్ పట్టుకుని తోస్తున్నప్పుడు ఎక్సిలరేటర్ కాస్త తిరిగినా ముందుకు దూకుతుంది. ఆగిన ప్రతిసారీ, దిగకముందే స్విచ్ ఆఫ్ చేయాలి. ఆ రోజంతా నేను అదే పాటించాను.

హ్యాండిల్ మీదున్న ఫోన్‌లాంటి తెరలో అన్న పవర్‌ను 20 హార్స్‌పవర్‌కు తగ్గించాడు. ఎక్సిలరేటర్ వదలగానే బండి నెమ్మదించే తీరు నా హోండా ఇంజిన్ బ్రేకింగ్‌కు దగ్గరగా ఉండేలా సర్దాడు. ఇలా సర్దుకోవచ్చని తెలియకే ఇన్నాళ్లూ భయపడ్డాను.

చదునుగా ఉన్న చోట నాలుగు రౌండ్లు బాగానే తిరిగాను. కష్టం మొదటి దిగుడులో వచ్చింది. ఆయన బండికి వెనక బ్రేకు ఎడమచేతి లివర్‌కు ఉంది (కొనేవాళ్లు కాలిబ్రేకు కూడా ఎంచుకోవచ్చు). దిగుడు మలుపులో నా వేళ్లు అలవాటుకొద్దీ క్లచ్ అనుకుని లివర్‌ను మొత్తం లాగేశాయి. వెనక చక్రం బిగుసుకుపోయింది, బండి అడ్డం తిరిగింది. పడలేదు కానీ గుండె ఆగినంత పనైంది. ముప్పై ఏళ్లుగా చేతికి పట్టిన అలవాటు. బుర్రకు తెలిసినంత మాత్రాన చెయ్యి వినదు. అందుకే ఒక గంటసేపు ఆ ఎడమ వేళ్లను లివర్ మీద నుంచి తీసేసి, కావాలనుకున్నప్పుడే పెట్టాను.

ఎక్కుడులో ఉండే ఇరుకు మలుపు నేను ఎక్కువగా భయపడిన చోటు. హోండా మీదైతే అక్కడ సగం క్లచ్ పట్టి పాకించుకుంటూ పోతాను. ఇక్కడ అది లేదు. "బ్రేకు కొంచెం పట్టుకునే ఎక్సిలరేటర్ ఇవ్వు" అన్నాడు అన్న. మొదటిసారి ఎక్కువిచ్చి టైరు మట్టి చిమ్మింది. మూడోసారికి కుదిరింది. క్లచ్ చేసే పనిని వెనక బ్రేకు చేస్తోందని అర్థమయ్యాక చెయ్యి కుదుటపడింది. పైగా ఎంత నెమ్మదిగా పోయినా ఇంజిన్ ఆగిపోతుందన్న బెంగ లేదు. నిటారు ఎక్కుడు మధ్యలో బండి ఆగిపోయి, కిక్ కొట్టడానికి కాలు నేలకు ఆనక తిప్పలు పడ్డవాళ్లకు ఆ విలువ తెలుస్తుంది.

సౌండు సంగతి. మోటారు కూత, చైను గలగల, టైరు కింద రాళ్ల నలుగుడు, అంతే. ఇంజిన్ హోరు కింద ఇన్నాళ్లూ ఇవి నాకు వినపడనే లేదు. గులక నుంచి మెత్తటి దుమ్ములోకి వెళ్లినప్పుడు చప్పుడు మారిపోతుంది, టైరు జారబోతుందని ముందే తెలుస్తుంది. పార్కులో పెట్రోలు బండ్ల శబ్దానికి 96 డెసిబెల్స్ హద్దు ఉంది. దీనికి ఆ గొడవే లేదు. కానీ ముందు పోయేవాళ్లకు మనం వస్తున్నట్టు తెలియదు. దాటే ముందు నేను కేకేయాల్సి వచ్చింది.

బ్యాటరీ 7.2 యూనిట్లది. మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే. గంటన్నరలో కొండలన్నీ ఎక్కి దిగాక 41 శాతం మిగిలింది. నాకు అది చాలు. రోజంతా తిరిగేవాళ్లకు చాలదు. హోండా అయితే బ్యాగులో లీటరు సీసా పెట్టుకుంటాను, దీనికి అలా కుదరదు. తిరుగుదారి లెక్క వేసుకునే బయల్దేరాలి. ఈ ఒక్క విషయంలో ఇప్పటికీ పెట్రోలు బండినే నమ్ముతాను.

మరుసటి వారం మళ్లీ నా హోండా మీద అదే దిగుడుకు వెళ్లాను. మలుపు రాగానే ఎడమ వేళ్లు బ్రేకు అనుకుని లివర్ లాగాయి. క్లచ్ విడిపోయింది, బండి జర్రున ముందుకు జారింది. కాలితో వెనక బ్రేకు తొక్కి ఆపుకున్నాను. ఆగాక అన్న వెనక్కి తిరిగి "ఏమైంది తమ్ముడూ?" అన్నాడు.

"వచ్చే వారం నీ బండి ఇంకోసారి ఇస్తావా అన్నా?" అని అడిగాను.