నల్లోడి బొమ్మ కోసం విశాఖలో

రత్నాచల్ రైలు దిగి ఎంవీపీ కాలనీలో అక్కవాళ్లింటికి చేరేసరికి భోజనాల వేళయింది. ఈసారి నేను వెళ్లింది వాళ్ల కుక్క నల్లోడి కోసం. పిల్లగా ఉన్నప్పుడు వీధిలోంచి గేటు లోపలికొచ్చి అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు మూతి చుట్టూ తెల్లబడింది, మెట్లు ఆగి ఆగి ఎక్కుతున్నాడు. వాడి ఆయిల్ పెయింటింగ్ వేయించి హాల్లో పెట్టుకోవాలని అక్క కోరిక. బొమ్మ వేసే ఆయన ఉండేది హైదరాబాద్‌లో. నల్లోడిని ఆయన చూసేది ఫొటోల్లోనే కాబట్టి, నేను తీయనిది బొమ్మలోకి రాదు.

"ఫ్లాష్ వేసి ఇక్కడే కొట్టెయ్ రా, అయిపోద్ది" అన్నారు బావ ఆ సాయంత్రం. వద్దన్నాను. కుక్కల కంట్లో రెటీనా వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది. మసక చీకట్లో వాటికి మనకంటే బాగా కనిపించడానికి అదొక కారణం. ఫ్లాష్ పడితే కళ్లు పచ్చగా మెరిసేదీ దానివల్లే. నల్లోడివి ముదురు తేనెరంగు కళ్లు. ఆ రంగు పోయాక ఎంత బాగా వేసినా అది ఇంకేదో నల్ల కుక్క బొమ్మే.

తెల్లారుజామున జోడుగుళ్లపాలెం తీరానికి వెళ్లాం. ఆర్కే బీచ్‌లో ఆ వేళకి నడిచేవాళ్ల సందడి మొదలైపోతుంది, వాడి చూపు ఒకచోట నిలవదు. ఇక్కడ పడవలు, వలలు, వాటి దగ్గర పని చేసుకునే నలుగురు మనుషులు, అంతే.

విశాఖలో పొద్దు సముద్రం మీంచే పొడుస్తుంది. అందరం సముద్రాన్ని వెనక పెట్టుకునే ఫొటో దిగుతాం. నల్ల కుక్కని అలా నిలబెడితే వెనక ఆకాశం వెలిగిపోయి, వాడు ఒట్టి నీడలా మిగులుతాడు. చూడటానికి అందంగానే ఉంటుంది, కానీ అందులో బొచ్చు లేదు, కళ్లు లేవు. అందుకే నేనే సముద్రానికి వీపు పెట్టి, వాడిని అలల వైపు తిప్పి కూర్చోబెట్టాను. అయినా తొలి ఎండ పసుపుకి నల్ల బొచ్చు గోధుమరంగు కొట్టింది, వాడు కళ్లు చికిలించాడు. కాసేపటికి మబ్బు కమ్మింది. దానికోసమే కూర్చున్నాం మేము. వెలుతురు మెత్తబడగానే ఒకటే నలుపు అనుకున్నది విడివిడిగా తేలింది: భుజం దగ్గర ఎర్రజీర, మెడ మీద సుడి, గడ్డం కింద ఒక్కో తెల్ల వెంట్రుక.

ఇసుకలో మోచేతుల మీద పడుకుని తీశాను. నిలబడి పైనుంచి తీస్తే తల పెద్దదై కాళ్లు పొట్టివైపోతాయి. మరీ దగ్గరికెళ్తే ముక్కు ఉబ్బినట్టు వస్తుంది. కాస్త వెనక్కి జరిగి రెండింతల జూమ్ పెట్టుకుంటే మొహం ఉన్నది ఉన్నట్టు పడుతుంది. స్క్రీన్ మీద వాడి కంటి దగ్గర నొక్కి, బొచ్చు కనిపించేదాకా వెలుతురు కొంచెం పెంచాను. బావ ఎండుచేప ముక్క తీసి నా ఫోన్ పక్కనే పట్టుకున్నారు. అంతే, చెవులు నిక్కాయి, నోరు మూతపడింది, చూపు సూటిగా నిలిచింది. ఆ ఫొటోని పెద్దది చేసి చూస్తే రెండు కళ్లలోనూ పైన తెల్లటి ఆకాశం, దాని కింద సముద్రం గీత.

మంచివి ఏరి బొమ్మ వేసే ఆయనకి వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపాను. మామూలు ఫొటోలా పంపితే సైజు తగ్గిపోయి వెంట్రుకలన్నీ అలికేసినట్టు అయిపోతాయి. అక్కకి నచ్చింది నాలుక బయటపెట్టి నవ్వుతున్నట్టుండే ఫొటో. ఆయన ఎండుచేప ఫొటోనే ఎంచుకున్నారు. నోరు తెరిస్తే దవడ గీత మారిపోతుందట. అక్క దాన్ని మళ్లీ చూసి, "అవున్రా, నేను గేటు తీసేటప్పుడు వీడు చూసేది ఇలాగే" అంది.

తిరుగు రైలెక్కాక ఆయన మళ్లీ ఫోన్ చేశారు. రొమ్ము మీది తెల్లమచ్చకి బెల్టు అడ్డొచ్చిందట, అది ఎంతవరకు ఉందో చూపించమన్నారు. బావ వరండాలో బెల్టు తీసి ఆ ఫొటో తీశారు. నా రైలు అనకాపల్లి దాటేలోపే అది ఆయనకి అందింది.