డిఫోను అచ్చయిన వరుసలో చదవడం: 1697 నుంచి 1724 దాకా

'రాబిన్సన్ క్రూసో' రాసిన ఇంగ్లిష్ రచయిత డేనియల్ డిఫో పుస్తకాల్ని అవి అచ్చయిన వరుసలోనే చదవాలని పెట్టుకున్న పని 1724 దాకా వచ్చింది. 'రొక్సానా' నవల పూర్తయింది. గ్రేట్ బ్రిటన్ యాత్ర మొదటి సంపుటం సగంలో ఉంది. ఇదే పని చేద్దామనుకునేవాళ్లకి పనికొస్తాయని ఇప్పటిదాకా తెలుసుకున్న వివరాలు ఒకచోట పెడుతున్నాను.

ఈ వరుస పట్టుదల ఎందుకంటే, 'రాబిన్సన్ క్రూసో' 1719 ఏప్రిల్ 25న బయటికొచ్చేసరికి డిఫోకి అరవై దగ్గర పడుతున్నాయి. స్కూల్లో కుదించి చదివించిన ఆ దీవి కథకి ముందు ఇరవై ఏళ్లకు పైగా ఆయన కరపత్రాలు రాశాడు, పద్యాలు రాశాడు, ఒక పత్రికని తొమ్మిదేళ్లు దాదాపు ఒంటిచేత్తో నడిపాడు, జైలుకెళ్లొచ్చాడు. నవలల్లో మనల్ని కట్టిపడేసేవి, అంటే ఆ లెక్కలు, ఆ సరుకుల జాబితాలు, అప్పుల భయం, అన్నీ ఆ పాత కాగితాల్లో ముందే కనిపిస్తాయి. నవలలు మాత్రమే చదివితే ఇది ఎప్పటికీ తెలియదు.

ముందు జాబితా

మొదట తేల్చుకోవాల్సింది ఏవి డిఫోవి అన్నది. ఆయన చాలావాటి మీద పేరు వేసుకోలేదు. 'క్రూసో' మొదటి ముద్రణలో కూడా కథ చెప్పేవాడే స్వయంగా రాసుకున్నట్టు ఉంటుంది తప్ప డిఫో పేరు లేదు. 'మాల్ ఫ్లాండర్స్', 'రొక్సానా'లకు ఆయన పేరు తగిలించింది 1770ల్లో ఫ్రాన్సిస్ నోబుల్ అనే పుస్తకాల వ్యాపారి. అప్పటికి డిఫో పోయి నలభై ఏళ్లు దాటింది.

1790లో జార్జ్ చామర్స్ వేసిన జాబితాలో వంద దాకా ఉంటే, ఆ తర్వాత వచ్చిన ప్రతి పండితుడూ పెంచుకుంటూ పోయాడు. జాన్ రాబర్ట్ మూర్ 1960లో తెచ్చిన జాబితా అయిదు వందలు దాటింది. వీటిలో ఎన్నో కేవలం 'శైలి ఆయనదిలా ఉంది' అన్న లెక్కన చేరినవి. ఫర్బాంక్, ఓవెన్స్ అనే ఇద్దరు పండితులు కూర్చుని, ఒక్కొక్క పుస్తకం డిఫోదని మొట్టమొదట ఎవరన్నారు, ఏ ఆధారంతో అన్నారు అని వెతికి, 1994లో రెండు వందల యాభైకి పైగా రచనల్ని పక్కన పెట్టారు. 1998లో వాళ్లు ప్రచురించిన జాబితాలో 276 ఉన్నాయి. అందులోనూ 'ఖాయం', 'బహుశా' అని వేరుచేసి చూపించారు.

నేను పట్టుకున్నది ఈ 1998 జాబితానే. స్ప్రెడ్‌షీట్‌లో ఖాయమైనవి ఆకుపచ్చ, బహుశా అన్నవి పసుపు, తీసేసినవి బూడిద రంగు. మొదటి విడతలో ఆకుపచ్చవి తప్పకుండా చదవడం, పసుపువి వీలైనన్ని చూడటం. కెప్టెన్ చార్లెస్ జాన్సన్ పేరుతో 1724లో వచ్చిన సముద్రపు దొంగల చరిత్ర బూడిద రంగులోకి వెళ్లిపోయింది. చాలా చోట్ల దాన్ని ఇప్పటికీ డిఫో పేరుతోనే అమ్ముతున్నారు, కొనేముందు చూసుకోండి.

సంవత్సరానికి రెండు కాలమ్‌లు పెట్టుకోవాలి. అప్పటి ఇంగ్లండులో అధికారికంగా కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. 'మాల్ ఫ్లాండర్స్' ముఖపత్రం మీద 1721 అని ఉంటుంది, కానీ అది చేతికొచ్చింది మన లెక్కన 1722 జనవరిలో. ముఖపత్రం సంవత్సరం ఒక కాలమ్‌లో, అసలు విడుదల ఇంకో కాలమ్‌లో వేసుకుంటేనే వరుస కుదురుతుంది.

చదవడానికి ఏ ప్రతి

నవలలకు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లోని ఉచిత ప్రతులు చాలు, ఫోన్‌లో హాయిగా చదువుకోవచ్చు. కరపత్రాలకు స్కాన్‌లే గతి. వాటిలో మాట మొదట్లో, మధ్యలో వచ్చే 'ఎస్' పొడుగ్గా, 'ఎఫ్'లా ఉంటుంది. కాసేపటికి కన్ను అలవాటు పడుతుంది గానీ కంప్యూటర్‌కి అలవాటు కాదు. స్కాన్ నుంచి తీసిన టెక్స్ట్‌లో వెతికేటప్పుడు 'ఎస్' ఉన్న ప్రతి మాటనీ 'ఎఫ్'తో కూడా వెతకాలి. లేకపోతే సగం దొరకవు.

ఆ కాలం పుస్తకాల్లో ప్రతి పేజీ అడుగున కుడివైపు, తర్వాతి పేజీ మొదటి మాట విడిగా అచ్చేసి ఉంటుంది. చదవడం మొదలెట్టే ముందు పేజీలన్నీ గబగబా తిప్పుతూ ఆ మాట, పక్క పేజీ మొదటి మాట కలుస్తున్నాయో లేదో చూస్తాను. కలవకపోతే అక్కడ కాగితం పోయిందనో, స్కాన్ చేసేవాళ్లు ఒకటి వదిలేశారనో అర్థం. పేజీ నంబర్ల కంటే ఇదే నమ్మకమైన పరీక్ష, ఎందుకంటే ఆ ముద్రాపకులు నంబర్లు తరచూ తప్పు వేసేవాళ్లు. డబ్బు లెక్కకి ఒక చీటీ దగ్గర పెట్టుకోండి: పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. డిఫో పుస్తకంలో ఈ చీటీ అవసరం పడని అధ్యాయం అరుదు.

1697 నుంచి 1704

మొదలుపెట్టాల్సింది 1697 నాటి 'ప్రాజెక్టుల మీద వ్యాసం'తో. దీన్ని చదివే ముందు ఒక సంగతి తెలిసి ఉండాలి: 1692లో డిఫో 17,000 పౌన్ల అప్పుతో దివాలా తీశాడు. ఆ దెబ్బ తిన్న మనిషి రాసిన పుస్తకం ఇది. దివాలా తీసినవాణ్ని జైల్లో కుక్కితే అప్పిచ్చినవాడికి ఒరిగేదేముందని అడుగుతాడు. బ్యాంకులు, రోడ్లు, నావికులకు బీమా, ఆడపిల్లలకు విద్యాలయం, ఒకదాని తర్వాత ఒకటి ప్రతిపాదిస్తూ పోతాడు. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకి ఆశ్రయం కట్టించాలని, దాని ఖర్చుకి పుస్తకాలు రాసేవాళ్ల మీద పన్ను వెయ్యాలని కూడా అంటాడు. ప్రతి ప్రతిపాదన కిందా ఖర్చెంత, రాబడెంత అని అంకెలు. నాకు ఈ పుస్తకం మీద చాలా ప్రేమ కలిగింది. డిఫోది ఒకే ఒక్కటి చదువుతానంటే క్రూసో కాకుండా దీన్నే చేతిలో పెడతాను.

1701లో వచ్చిన 'అసలు సిసలు ఆంగ్లేయుడు' అనే పద్యం అప్పట్లో విరగబడి అమ్ముడైంది. డచ్చి దేశం నుంచి వచ్చిన రాజు విలియంని పరాయివాడని ఈసడించేవాళ్లకి జవాబు అది: మీలో రోమన్లు, డేన్లు, నార్మన్లు, ఎవరు కలవలేదు కనుక అంటాడు. ఒక సాయంత్రంలో అయిపోతుంది.

1702 డిసెంబర్‌లో వచ్చింది 'డిసెంటర్లను వదిలించుకునే దగ్గరిదారి'. ముప్పై పేజీల లోపే. డిఫో స్వయంగా డిసెంటర్, అంటే రాజ్యం ఆమోదించిన చర్చిలో చేరని ప్రొటెస్టెంట్. కానీ ఈ కరపత్రాన్ని వాళ్ల శత్రువు గొంతుతో రాశాడు: ఉరితీయండి, దేశంనుంచి తరిమెయ్యండి అని. ఇది వ్యంగ్యమని ఎక్కడా కన్ను గీటడు. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. కొందరు నిజమని నమ్మి మెచ్చుకున్నారు, అసలు సంగతి బయటపడ్డాక ప్రభుత్వం డిఫోని పట్టిస్తే 50 పౌన్లు ఇస్తామని గెజిట్‌లో ప్రకటించింది. ఆ ప్రకటన తప్పకుండా చూడండి. నడితరం ఎత్తు, సన్నని మనిషి, చామనఛాయ, కొక్కెం ముక్కు, మొనదేలిన గడ్డం, బూడిద రంగు కళ్లు, నోటి దగ్గర పెద్ద పుట్టుమచ్చ. డిఫో రూపం గురించి మనకున్న మంచి వర్ణన ఆయన్ని పట్టుకోవడానికి వేసినదే. 1703 జులై చివర మూడు రోజులు, లండన్‌లో మూడు చోట్ల, తలా చేతులూ చెక్కల మధ్య బిగించి జనంలో నిలబెట్టారు. ఆ శిక్ష మీదే ఒక పద్యం రాసి అచ్చేయించాడు, దాన్ని కూడా ఇదే కూర్చోవడంలో చదివేస్తే మంచిది.

తర్వాత 'తుఫాను', 1704. 1703 నవంబర్ 26 రాత్రి దక్షిణ ఇంగ్లండుని ఊడ్చేసిన గాలివాన గురించి. చూసినవాళ్లు తమ ఊళ్లో జరిగింది రాసి పంపమని పత్రికల్లో ప్రకటన ఇచ్చి, వచ్చిన ఉత్తరాల్ని కూర్చాడు. తను స్వయంగా కెంట్ ప్రాంతంలో తిరుగుతూ కూలిన చెట్లు లెక్కపెట్టాడట. 17,000 దాకా లెక్కపెట్టి, ఇక విసిగి మానేశానని రాస్తాడు. ఈ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. పద్దెనిమిదేళ్ల తర్వాత ప్లేగు పుస్తకంలో శవాల్ని లెక్కపెట్టే మనిషి ఇక్కడే పుట్టాడనిపించింది.

'రివ్యూ' పత్రిక

1704 నుంచి 1713 దాకా, చాలా కాలం వారానికి మూడుసార్లు. మొత్తం చదవడం నావల్ల కాదని ముందే తెలుసు కాబట్టి ఏడాదికి కొన్ని సంచికల చొప్పున ఏరుకుంటున్నాను. ఏరుకునేవాళ్లు 1708 జనవరి 31 సంచిక మాత్రం వదలొద్దు. ఇండియా నుంచి వచ్చే అద్దకం బట్టల మీద మండిపడతాడు. నేల మీద పరుచుకునే గుడ్డ ఒంటి మీదికి ఎక్కిందని, అది మెల్లగా ఇళ్లలోకి, పడకగదుల్లోకి, తెరలకి, దిండ్లకి, కుర్చీలకి, చివరికి మంచాలకీ పాకిందని. ఈ బట్టల్లో మన కోరమండల్ తీరం సరుకుది పెద్ద వాటా. ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో కొఠీ తెరిచింది ఈ వ్యాపారం కోసమే. ఇంగ్లండు నేతగాళ్ల పొట్టకొడుతున్నదని డిఫో తిట్టిన ఆ గుడ్డని ఇక్కడ నేసి, రంగులద్దినవాళ్లూ కష్టజీవులే. 1721లో అద్దకం నూలు బట్టలు కట్టుకోవడాన్నే నిషేధిస్తూ ఇంగ్లండు చట్టం చేసింది. పెడన కలంకారీ చీరని చూసిన కళ్లతో ఆ సంచిక చదివితే, ఒక కరపత్రకారుడి కోపం ఎంత దూరం తగులుతుందో తెలుస్తుంది.

ఈ తొమ్మిదేళ్లలోనే ఆయన రాబర్ట్ హార్లీ అనే మంత్రికి రహస్యంగా పనిచేశాడు, స్కాట్లండు, ఇంగ్లండు ఏకం కావడానికి ఎడిన్‌బరోలో ఉండి కరపత్రాలు గుప్పించాడు. 1709లో ఆ విలీనం చరిత్ర రాశాడు. పన్నెండు భాగాల 'యూరే డివీనో' పద్యం మాత్రం రెండు భాగాలతో ఆపాను, సాగలేదు.

1719 నుంచి 1722

ఇంత చదివాక 'క్రూసో' తెరిస్తే వేరే పుస్తకంలా ఉంది. దీవిలో ఒంటరిగా పడ్డవాడు తన స్థితిని రెండు వరసల్లో రాసుకుంటాడు: చెడు ఒకవైపు, మంచి ఒకవైపు, జమాఖర్చుల పద్దులాగా. దివాలా తీసిన వ్యాపారికి మాత్రమే తట్టే ఆలోచన. ఓడలో 36 పౌన్ల డబ్బు దొరికితే నువ్వెందుకు పనికొస్తావని దాన్ని ఈసడించి, మళ్లీ ఆలోచించి తీసుకుంటాడు. వెనక ఉన్న కరపత్రాలు తెలిస్తే ఆ 'మళ్లీ ఆలోచించి' అన్నదాని బరువు తెలుస్తుంది.

అదే ఏడాది ఆగస్టులో రెండో భాగం వచ్చింది. ఇందులో క్రూసో మడగాస్కర్ మీదుగా బెంగాల్‌కి వస్తాడు, నావికులు ఆయన్ని అక్కడే దింపేస్తారు, అక్కడినుంచి చైనా, సైబీరియా దాటి ఇంటికెళ్తాడు. మొదటి భాగమంత బిగువు లేదు. 1720లో వచ్చిన మూడో భాగం అంతా ఉపదేశమే. 'కెప్టెన్ సింగిల్టన్'లో ఆఫ్రికాని కాలినడకన దాటే సగం బాగుంది.

1722 మాత్రం నమ్మశక్యం కాని ఏడాది. 'మాల్ ఫ్లాండర్స్', 'ప్లేగు ఏడాది దినచర్య', 'కర్నల్ జాక్' మూడూ అప్పుడే. ప్లేగు పుస్తకం నన్ను కదిలించినట్టు ఈ జాబితాలో ఇంకేదీ కదిలించలేదు. 1665 నాటి ప్లేగు అది, అప్పటికి డిఫో అయిదేళ్ల పిల్లాడు. 1720లో ఫ్రాన్సులోని మార్సెయ్‌లో మళ్లీ ప్లేగు వచ్చి లండన్‌లో భయం పెరిగినప్పుడు రాశాడు. చెప్పేవాడు హెచ్.ఎఫ్. అనే గుర్రపు జీన్ల వ్యాపారి. సంతలో మాంసం కొట్టువాడు డబ్బు చేత్తో తీసుకోడు, కొన్నవాడే నాణేల్ని వెనిగర్ గిన్నెలో వెయ్యాలి. లండన్‌లోని ఆల్డ్‌గేట్ చర్చి ఆవరణలో తవ్విన గొయ్యి నలభై అడుగుల పొడవు, అందులో 1,114 శవాలు. వారం వారం చర్చి వార్డుల వారీగా మరణాల పట్టిక. ఆ అంకెల్ని దాటేసి కథ కోసం ముందుకెళ్లకండి. కరోనా రోజుల్లో పొద్దున్నే ఫోన్ తీసి జిల్లాల వారీ లెక్క చూసుకున్న మనకి, ఆ అంకెలే కథ అని వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు చేతిలో ఉన్నది

'గ్రేట్ బ్రిటన్ ద్వీపమంతా ఒక యాత్ర' మూడు సంపుటాలు, 1724 నుంచి 1726. మ్యాప్ పక్కన పెట్టుకుని రోజుకి కొన్ని పేజీలు మాత్రమే. ఎసెక్స్ చిత్తడి నేలల దగ్గర ఒక సంగతి చెప్తాడు: అక్కడి మగవాళ్లకి అయిదారు నుంచి పద్నాలుగు, పదిహేను దాకా పెళ్లిళ్లు మామూలట. మెరక ఊళ్ల నుంచి తెచ్చుకున్న పెళ్లాలు ఆ తేమకీ చలిజ్వరానికీ ఏడాది తిరగకుండానే పోతుంటారట. చెప్పినవాడు కాస్త ఎక్కువ చేసి చెప్పాడని తర్వాత తనే అంటాడు. విన్నది రాసి, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో కూడా రాసే ఈ అలవాటే పాతికేళ్ల పత్రికా జీవితం నేర్పింది.

దీని తర్వాత 'సంపూర్ణ ఆంగ్ల వ్యాపారి'. అయిదు వందలమంది రకరకాల జనంతో మాట్లాడితే, మతిలేనివాళ్లు తప్ప అందరికీ అర్థమయ్యేదే సరైన భాష అని డిఫో చెప్పింది అందులోనే, ఉత్తరాలు రాయడం గురించిన అధ్యాయంలో. ఆ అధ్యాయం ముందే చూసేశాను, మిగతాది వరుసలో వస్తుంది. ప్రస్తుతానికి యాత్ర రెండో సంపుటం స్కాన్‌లో ఒకచోట పేజీ అడుగు మాట, పక్క పేజీ మొదటి మాట కలవడం లేదు. వేరే గ్రంథాలయం ప్రతి దొరికాక ఆ సంపుటం మొదలుపెడతాను.