చేతికి పుస్తకం బరువైన రోజుల్లో

పోయిన ఆగస్టులో మూడు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గాయి, మళ్ళీ బడికి వెళ్తున్నా. పది రోజులు తిరక్కముందే అరికాళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. ఎనిమిదో తరగతిలో పాఠం చెబుతుంటే సుద్దముక్క వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. తీసుకుందామని వంగితే మోకాళ్ళు నిలబడలేదు. పిల్లలే పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. ఒంగోల్లో మొదట చూపించిన చోట నీరసం అన్నారు, బలానికి సూది వేసి పంపారు. అలా రెండు రోజులు పోయాయి. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. మూడో రోజు తెల్లారేసరికి మంచం మీద కాలు కదల్లేదు. అప్పుడు నెల్లూరు తీసుకెళ్ళారు.

అక్కడ వెన్నులోంచి నీరు తీసి, నరాలకు పరీక్ష చేసి జీబీఎస్ అని తేల్చారు. గిలియన్ బారీ సిండ్రోమ్. 2025 జనవరిలో పుణేలో చాలామందికి వచ్చిందని పేపర్లో చదివిన జబ్బే. కడుపులో చేరిన క్రిమి మీదికి పోవాల్సిన రక్షణ వ్యవస్థ పొరబడి మన నరాల మీదే పడుతుంది. ఏడాదికి లక్షమందిలో ఒకరికో ఇద్దరికో వస్తుందన్నారు. ఐదు రోజులు ఐవీఐజీ, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, నరంలోకి ఎక్కించారు. ఊపిరి దాకా పాకకుండా ఆగింది.

ఇంటికొచ్చాక తెలిసింది, పుస్తకానికి బరువుంటుందని. నూటయాభై పేజీల పుస్తకం కూడా చేతిలో నిలవక గుండెల మీద పడేది. ముప్ఫై ఏళ్ళుగా పడుకునే ముందు పది పేజీలైనా చదవకుండా ఉండలేదు నేను. నడవలేనందుకు రాని ఏడుపు, పేజీ తిప్పలేనందుకు వచ్చింది.

మా అమ్మాయి పక్కన కూర్చుని చదివి వినిపించింది. మొదట మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’. కావలి పిల్లాడి కబుర్లు, అచ్చం మన నెల్లూరు మాట. హైదరాబాదులో చదువుకున్న పిల్ల కదా, ఆ యాస దానికి సరిగ్గా పలకలేదు. మా అత్తమ్మ వంటింట్లోంచే “అట్ట కాదమ్మాయ్, ఇట్టా అనాల” అని సరిదిద్దుతుండేది. నాలుగో రోజుకి వంట వదిలేసి వచ్చి మంచం పక్కనే కూర్చుంది. ఇంట్లో అందరూ నవ్విన సాయంత్రాలు ఆ నెలలో అవే. ఆ కతల్లో నవ్వు కింద లేమి ఉంటుంది, కానీ అది చూసి జాలిపడమని రచయిత ఎక్కడా అడగడు. నాకు అది చాలా పెద్ద గుణంగా కనిపించింది, ఎందుకంటే అప్పుడు నన్ను చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ జాలిపడుతున్నారు.

తోటి టీచరు ఒకావిడ సంకల్పబలం గురించిన పుస్తకం ఒకటి ఇచ్చింది. ప్రేమతో ఇచ్చింది, అందులో సందేహం లేదు. రెండు అధ్యాయాలు విని ఆపించేశా. నరం లోపలి తీగె దెబ్బతింటే అది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుందని డాక్టరుగారు చెప్పారు. గట్టిగా అనుకుంటే రెండు మిల్లీమీటర్లు పెరగదు. మంచంలో ఉన్నవాళ్ళకు ‘నువ్వు సరిగ్గా అనుకోవడం లేదు’ అని చెప్పే పుస్తకం ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

అగాథా క్రిస్టీ ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ ఫోనులో విన్నా. మంచులో కూరుకుపోయి రైలు కదలదు, నా మంచమూ కదలదు, అందుకని బాగానే మొదలైంది. కథ అల్లిక గొప్పదే. కానీ పెట్టెలో అంతమంది ప్రయాణికులు, ఎవరు ఏ గదిలో ఉన్నారో, ఎన్ని గంటలకు ఏం విన్నారో! రాత్రంతా నడుం నొప్పితో నిద్రలేని బుర్రకు అవి నిలవలేదు. ముగింపు వినగానే కొత్తగా విన్నట్టు ఆశ్చర్యపోయానంటే, మధ్యలో చాలా జారిపోయిందన్నమాట. కోలుకున్నాక మళ్ళీ చదవాలి.

రెండో నెలకి వేళ్ళు దగ్గరికి వచ్చాయి. ఫిజియోథెరపీ అబ్బాయి రబ్బరు బంతి నొక్కించేవాడు. దిండు మీద పుస్తకం నిలబెట్టుకుని నేనే చదివిన మొదటిది ఆలివర్ సాక్స్ ‘ఎ లెగ్ టు స్టాండ్ ఆన్’, 1984లో వచ్చింది. స్వయంగా నరాల డాక్టరు. నార్వే కొండమీద ఎద్దును చూసి పరిగెత్తి పడ్డాడు, కాలికి పెద్ద దెబ్బ తగిలింది. ఆపరేషనయ్యాక ఆ కాలు తనది కాదనిపించింది ఆయనకు. ఆ పేజీ దగ్గర ఆగిపోయా. నా పాదాన్ని దుప్పటి కింద చూసి ‘ఇది ఎవరిదో’ అనుకున్న రాత్రులు ఎవరితోనూ చెప్పలేదు నేను, పిచ్చి అనుకుంటారేమోనని. మనసులో సంగీతం మోగగానే నడక వచ్చిందని రాశాడు. చివర్లో తత్వచర్చ మరీ సాగింది, అక్కడ నేను పేజీలు దాటేశా. అయినా ముందు సగానికి రుణపడి ఉన్నా.

టంగుటూరి ప్రకాశం పంతులుగారి ‘నా జీవిత యాత్ర’ సంక్రాంతికి మొదలుపెట్టా. మన జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారు, రోజూ ఆ పేరు రాసుకుంటాం, పుస్తకం మాత్రం అప్పటిదాకా తెరవలేదు నేను. మొదట్లో వచ్చే వాళ్ళమ్మ సుబ్బమ్మగారు నాకు ఇంకా కళ్ళ ముందే ఉన్నారు. భర్త పోతే ఇదే ఒంగోల్లో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. రాజకీయాల భాగానికి వచ్చేసరికి పేర్లూ తగువులూ ఎక్కువై చదువు మెల్లగా సాగింది. చరిత్ర కావాలనుకునేవాళ్ళకు అదే ముఖ్యం కావచ్చు. నాకు మాత్రం ఆ పూటకూళ్ళ ఇంట్లోనే ఇంకో వంద పేజీలు ఉండాలనిపించింది.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది ‘వనవాసి’. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీ నవల ‘ఆరణ్యక్’కి సూరంపూడి సీతారాం తెలుగు. బీహారు అడవిని రైతులకు పంచిపెట్టే ఉద్యోగం మీద వచ్చిన సత్యచరణ్, ఆ అడవినే ప్రేమించి, తన చేతులతోనే దాన్ని పోగొట్టిన కథ. పెద్ద మలుపులేమీ ఉండవు. వెన్నెల, గడ్డి, ఆకలి, మళ్ళీ వెన్నెల. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అయితే నలభయ్యో పేజీలో వదిలేసేదాన్నేమో. రోజుకు నాలుగు పేజీలే చదవగలిగినప్పుడు అది నా వేగానికి సరిపోయింది. అందులో యుగళప్రసాద్ అని ఒకడు ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలూ విత్తనాలూ తెచ్చి అడవిలో నాటుతుంటాడు. తనది కాని నేలలో, ఎవరూ అడక్కుండానే, ఊరికే. వాకరు పట్టుకుని వరండాలో పది అడుగులు వేసిన రోజుల్లో, ఆ మనిషిని తలుచుకుంటూ వేశా.

పోయిన శనివారం చేతికర్రతో జిల్లా గ్రంథాలయానికి వెళ్ళా. అమ్మాయి పక్కనే ఉంది, మెట్ల దగ్గర మాత్రం చెయ్యి పట్టుకోనివ్వలేదు. కుడిపాదం ఇంకా కాస్త ఈడుస్తోంది. ‘వనవాసి’ తిరిగిచ్చేద్దామనే సంచిలో పెట్టుకెళ్ళా. బల్ల మీద పెట్టి, ఇవ్వబుద్ధి కాక, మళ్ళీ నా పేరు మీదే రాయించుకుని వచ్చా.