పట్టికలో కనపడని అప్పు

"అమ్మా, నువ్వు చదివింది కూడా ఇన్ఫర్మేషన్ సిస్టమ్సే కదా! నేను చదువుతానంటే మొహం అలా పెడతావేంటి?"

మా పెద్దాడి ప్రశ్న ఇది. జవాబు నా దగ్గర ఉంది కానీ పైకి చెప్పుకునేది కాదు. నేను అమెరికా వచ్చిందే ఆ ఎమ్మెస్ కోసం. ఇన్నేళ్ళుగా మా ఇల్లు నడుస్తున్నది ఆ చదువు మీదే. అయినా వాడు కంప్యూటర్ సైన్స్ వద్దు, బిజినెస్ స్కూల్లో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ (కంపెనీల పనికి కంప్యూటర్లని వాడే చదువు) చేస్తాననగానే నాకు గుర్తొచ్చింది మా వాట్సాప్ గ్రూపు. సీఎస్ అంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. ఇదంటే "అయ్యో, సీఎస్‌లో రాలేదా?" అంటారు. వేరేవాళ్ళ పిల్లల గురించి నేనూ అలాగే అన్నదాన్నే.

ఆ మాట వాడితో అనలేను కాబట్టి ఆర్‌ఓఐ అన్నాను. అంటే పెట్టిన డబ్బుకి తిరిగొచ్చేది ఎంత అని. చదువుకి ఎంతవుతుంది, ఎంత జీతం వస్తుంది, అప్పు ఎన్నాళ్ళకి తీరుతుంది, కూర్చుని లెక్క చూద్దాం రా అన్నాను. లెక్క చివర్లో వాడే సీఎస్ అంటాడని లోపల ఆశ.

ఇక్కడి విద్యాశాఖ కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే సైటు పెట్టింది. కాలేజీని, కోర్సుని ఎంచుకుంటే అక్కడ ఆ డిగ్రీ చేసినవాళ్ళ మధ్యస్థ జీతం, మధ్యస్థ అప్పు చూపిస్తుంది. మంచి సైటే. కానీ చూడ్డం తెలియాలి. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ ఒక కాలేజీలో బిజినెస్ కింద ఉంటుంది, ఇంకో కాలేజీలో కంప్యూటర్ కింద ఉంటుంది. అది చూసుకోకుండా పోలిస్తే రెండు వేర్వేరు చదువులని పోల్చినట్టు. ఆ జీతాలు కూడా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సాయం తీసుకున్న పిల్లలవే, అదీ ఎప్పుడో కొన్నేళ్ళ కింద డిగ్రీ పూర్తి చేసినవాళ్ళవి. పైగా మధ్యస్థం అంటే సగం మంది దానికంటే తక్కువ తెచ్చుకుంటున్నారని. మన పిల్లలు ఆ కింది సగంలో ఉంటారని మనలో ఎవరం అనుకుంటాం?

అసలు తమాషా అప్పు అంకె దగ్గర ఉంది. వాడికి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి మా స్టేట్ యూనివర్సిటీ. రెండోది పేరున్న ప్రైవేట్ కాలేజీ, ఫీజు చూస్తే కళ్ళు తిరుగుతాయి. స్కోర్‌కార్డ్‌లో మాత్రం రెండింటి అప్పుకీ పెద్ద తేడా లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశావా, అప్పు దాదాపు ఒకటే, జీతం అక్కడ ఎక్కువ" అన్నాను. ఆర్‌ఓఐ అంటూ మొదలుపెట్టినదాన్ని నిమిషంలో ఖరీదైన కాలేజీ వైపు వాదిస్తున్నాను. ఎందుకంటే సీఎస్ కాకపోయినా ఆ కాలేజీ పేరు చెబితే గ్రూపులో ఎవరూ "అయ్యో" అనరు.

వాడు వెంటనే పట్టుకున్నాడు. "మరి మిగతాది ఎవరి పేరు మీద ఉంటుందమ్మా?"

సరైన ప్రశ్న. తల్లిదండ్రుల మీద ఆధారపడిన పిల్లలకి డిగ్రీలో ఫెడరల్ లోన్ మొదటి ఏడు 5,500 డాలర్లు, రెండో ఏడు 6,500, తర్వాత ఏడాదికి 7,500 మించి మామూలుగా ఇవ్వరు. నాలుగేళ్ళకి 27,000. ఆరున్నర శాతం వడ్డీకి పదేళ్ళలో తీర్చాలంటే నెలకి 300 డాలర్ల పైచిలుకు. ఉద్యోగం ఉంటే కట్టుకోగలడు. ఫీజు ఎంతున్నా పిల్లాడి పేరు మీద ఫెడరల్ అప్పు అంతకంటే పుట్టదు కాబట్టే అన్ని కాలేజీల అప్పూ ఒకేలా కనపడుతుంది. మిగిలినదంతా తల్లిదండ్రులు తీసుకునే ఫెడరల్ లోన్ అయిన పేరెంట్ ప్లస్‌లోనో, మనం సంతకం పెట్టిన ప్రైవేట్ లోన్‌లోనో, ఇంటి మీద తెచ్చిన డబ్బులోనో ఉంటుంది. అదేదీ ఆ అంకెలో కలవదు. 2026 జూలై 1 నుంచి కొత్తగా పేరెంట్ ప్లస్ తీసుకునేవాళ్ళకి ఏడాదికి 20,000, ఒక్కో బిడ్డకి మొత్తం 65,000 అని హద్దు కూడా పెట్టారు. ఆ 65,000 తొమ్మిది శాతం వడ్డీకి తెచ్చి పదేళ్ళలో తీర్చాలంటే నెలకి 820 డాలర్ల పైన పడుతుంది, మొత్తం కలిపి దాదాపు 99,000 కడతాం. ఆ అప్పు చట్టప్రకారం మనదే. ఫెడరల్ లోన్ గా ఉండగా దాన్ని పిల్లల పేరుకి మార్చడం కుదరదు.

"కుదరకపోతే ఏం, మేం కడతాం. నీకెందుకు ఆ గొడవ?" అన్నాను. ఏ తెలుగు తల్లయినా అదే అంటుంది.

"మీరు కడితే నేను మధ్యలో మేజర్ మార్చుకోలేను. నచ్చని ఉద్యోగం మానెయ్యలేను. మీరేమీ అనరు. కానీ చూస్తారు."

నా చదువుకి మా నాన్న ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టారు. ఆ లోన్ తీరేదాకా నేను ఏ ప్రాజెక్టూ వద్దనలేదు, ఏ ఊరు పొమ్మంటే ఆ ఊరు పోయాను, జీతం పడిన రోజే ఇంటికి పంపాను. నాన్న ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఈ కథ పిల్లలకి చాలాసార్లు చెప్పాను, గర్వంగానే, తాతయ్య చేసింది వాళ్ళకి అర్థం కావాలని. పెద్దాడు మాత్రం అందులోంచి ఇంకోటి ఏరుకున్నాడు: అప్పు ఉన్నన్నాళ్ళూ అమ్మ దేనికీ కాదనలేకపోయింది. వాణ్ణి తప్పుపట్టలేకపోతున్నాను, ఒప్పుకోలేకపోతున్నాను. పిల్లల చదువుకి పెట్టే డబ్బుని ఖర్చు అనడమే మా ఇంట్లో తప్పు. అలాంటిది "మీ అప్పు నాకొద్దు" అని నా కొడుకు అంటే, వాడు తెలివైనవాడని సంతోషించాలా, నన్ను వేరు చేశాడని బాధపడాలా?

ఎవరైనా అడిగితే నేనిచ్చే సలహాలో తడబాటు ఉండదు. ముందు ఫాఫ్సా అనే ఫెడరల్ సాయం దరఖాస్తు నింపండి, పిల్లల పేరు మీద వచ్చే ఫెడరల్ లోన్ వాడుకోండి, మొత్తం అప్పు మొదటి ఏడాది జీతం దాటకుండా చూసుకోండి, పేరెంట్ ప్లస్ జోలికి పోకండి. రెండో బిడ్డ వెనకాలే ఉంది, మన రిటైర్మెంట్‌కి ఎవరూ లోన్ ఇవ్వరు. ఇదంతా స్నేహితురాలికి ఫోన్లో గడగడా చెప్పేశాను. ఫోన్ పెట్టేసి ఆ ప్రైవేట్ కాలేజీ వెబ్‌సైట్ తెరిచాను.

ఇక మొదటి ఏడాది జీతం అన్నాను కానీ, ఏ ఏడాది జీతం? వాడు బయటికొచ్చేది 2030లో. మా ఆఫీసులో ఫ్రెషర్లని తీసుకోవడం తగ్గిపోయిందని మధ్యాహ్నం కొలీగ్స్‌తో వాపోతాను. సాయంత్రం వాడి పక్కన కూర్చుని "డేటాబేసులు, అకౌంటింగ్ రెండూ తెలిసినవాడికి డిమాండ్ పోదు" అంటాను. రెండూ నిజమనే అనిపిస్తుంది, ఏ గదిలో ఉంటే ఆ గదికి తగ్గట్టు.

మే 1 లోపు ఏదో ఒక కాలేజీకి డిపాజిట్ కట్టాలి. వాడు స్టేట్ యూనివర్సిటీకి కట్టమన్నాడు, మా ఆయన అదే రోజు కట్టేశారు. ఆ ముందురోజే ప్రైవేట్ కాలేజీ ఎయిడ్ ఆఫీసుకి ఇంకొంచెం స్కాలర్‌షిప్ ఇవ్వమని నేనొక ఈమెయిల్ పంపాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వాళ్ళు నిజంగానే ఇస్తామంటే వాడితో ఏమనాలో ఇంకా ఆలోచించలేదు.