సీల్ కోవ్ పోటు టైమ్‌ల్యాప్స్: మళ్లీ మూడో గంట దగ్గరే చెడింది

మళ్లీ అదే జరిగింది. టైమ్‌ల్యాప్స్ అంటే కొన్ని సెకన్లకో ఫొటో తీసి, వాటిని వరసగా వేగంగా నడిపే వీడియో. పోటు మొదలైన మూడో గంట దాకా ఫ్రేములు బ్రహ్మాండంగా వచ్చాయి. అక్కడి నుంచి బొమ్మ కింది అంచు పాలిపోవడం మొదలైంది. నాలుగో గంటకు షెడ్ల కింది గుంజలేవో, వాటి వెనక నీళ్లేవో తెలియనంతగా మసకేసింది. గ్రాండ్ మనాన్ వెళ్లిన ప్రతిసారీ ఈ ఒక్క షాట్ దగ్గరే ఆగిపోతున్నాను. ఈసారి బాధ మరీ ఎక్కువగా ఉంది. తెల్లవారుజామున ఆటు అడుగంటడం, పల్చటి పొగమంచు, పక్కనుంచి వెలుతురు, ఈ మూడూ ఒకే పొద్దున కలిసిరావడం అంత తేలిక కాదు.

గ్రాండ్ మనాన్ కెనడాలో న్యూ బ్రన్స్‌విక్ ప్రావిన్స్‌కు చెందిన చేపలవేట దీవి. బే ఆఫ్ ఫండీ అఖాతం ముఖద్వారంలో ఉంటుంది. బ్లాక్స్ హార్బర్ నుంచి ఫెర్రీలో గంటన్నర ప్రయాణం. జనం రెండున్నర వేల మంది. దక్షిణాన సీల్ కోవ్ అనే చిన్న రేవులో హెర్రింగ్ చేపకు పొగపట్టిన పాతకాలపు చెక్క షెడ్లు గుంజల మీద నిలబడి ఉంటాయి. ఆ చోటును జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. ఆటుకు ఆ గుంజలు పాచి పట్టిన మొదళ్లతో సహా బయటపడతాయి, పోటుకు నీళ్లు షెడ్ల కిందకి ఎక్కేస్తాయి. విశాఖ తీరంలో ఆటుపోట్ల తేడా ఒకటిన్నర మీటరుకు అటూఇటూ. ఇక్కడ ఐదారు మీటర్లు. ఈ అఖాతంలో నీళ్లు ఒకసారి ఊగి రావడానికి సహజంగా పట్టే సమయం దాదాపు 13 గంటలు. చంద్రుడి వల్ల పోటు వచ్చేది 12 గంటల 25 నిమిషాలకోసారి. రెండూ అంత దగ్గరగా ఉండటంతో ప్రతి పోటూ ఆ ఊపుకి ఇంకాస్త ఊపునిస్తుంది. అఖాతం లోపలి కొసకు వెళ్తే తేడా 16 మీటర్ల దాకా ఉంటుంది.

నాకు కావలసింది ఆ ఒక్క పోటు, మొదటి నుంచి చివరి దాకా, ఒకే ఫ్రేములో. 6 గంటల 13 నిమిషాలు, 15 సెకన్లకో ఫ్రేము, మొత్తం దాదాపు 1,490 ఫ్రేములు. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున నడిపితే 62 సెకన్ల వీడియో. ఆ రోజు తేడా 5.4 మీటర్లు. నావికుల పన్నెండో వంతు లెక్క (పోటును పన్నెండు వంతులు చేసి ఆరు గంటలకూ వరసగా 1, 2, 3, 3, 2, 1 వంతులు పంచడం) ప్రకారం మొదటి గంటలో నీళ్లు 45 సెంటీమీటర్లు పెరుగుతాయి, నడిమి రెండు గంటల్లోనే సగం, అంటే 2.7 మీటర్లు. ఫ్రేముకి లెక్కేస్తే మొదట్లో 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు, నడిమిలో ఐదున్నర మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే వీడియోకి ప్రాణం ఆ నడిమి రెండు గంటలే. చెడిపోతున్నదీ సరిగ్గా అవే.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. లెన్స్ మీద మంచు పడుతోందనే మొదట్లో అనుకున్నాను. జులైలో కూడా ఇక్కడి సముద్రం 10–12 డిగ్రీలే. నైరుతి నుంచి వచ్చే వెచ్చటి తేమగాలి దాని మీద చల్లబడి పొగమంచు అవుతుంది. అందుకని లెన్స్‌కి యూఎస్‌బీ హీటర్ బెల్ట్ చుట్టాను. 5 వోల్టులు, కొలిస్తే 1.1 ఆంపియర్, అంటే 5.5 వాట్లు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌లో ఉండేది 74 వాట్‌అవర్లు. హీటర్‌కి ఆరున్నర గంటల్లో 36 చాలు. కరెంటు ఎక్కడా ఆగలేదు, మసక వచ్చాక చూసినా బెల్ట్ వెచ్చగానే ఉంది.

అదే బెల్ట్, అదే లెన్స్ పెట్టుకుని ఫ్రెడరిక్టన్‌లో సెయింట్ జాన్ నది ఒడ్డున రాత్రంతా తీశాను. చెయ్యి చాచితే కనిపించనంత పొగమంచు. తెల్లారేదాకా గాజు పొడిగానే ఉంది. నది దగ్గర పనిచేసింది సముద్రం దగ్గర ఎందుకు పనిచేయదు? తేమ రెండుచోట్లా నూటికి నూరే కదా.

సీల్ కోవ్‌లో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిచిన లెక్కలివి. గాలి 12.4 డిగ్రీలు. గాలి వీచనప్పుడు లెన్స్ ముందు గాజు 15.6. దాని ముందు యూవీ ఫిల్టర్ (లెన్స్‌కి రక్షణగా బిగించే పల్చటి గాజు) బిగిస్తే ఆ ఫిల్టర్ గాజు 13.9 మాత్రమే, మధ్యలో గాలిపొర ఉండటంతో వేడి అక్కడిదాకా చేరడం లేదు. గాలి కాస్త జోరందుకుంటే ఫిల్టర్ తీసేసినా గాజు 13.7కి పడిపోయింది. ఎలా చూసినా గాలికంటే ఒక డిగ్రీకి పైగానే వెచ్చగా ఉంది. మంచు పట్టకుండా ఉండటానికి అంత చాలు. అయినా మసక పట్టింది.

దారి చూపించింది రేవులో ఒక పెద్దాయన. పడవ కేబిన్ అద్దాల మీద మంచినీళ్లు పోసి, ఆ తర్వాతే గుడ్డ పెడుతున్నాడు. పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పు పూసినట్టు అవుతుందట. ఉప్పు! సముద్రపు పొగమంచులో చుక్కలు కట్టేదే ఉప్పు రేణువుల చుట్టూ. దానికి తోడు తుంపర. ఆటు వేళ నీళ్లు నా ట్రైపాడ్‌కి 60 మీటర్ల దూరంలో ఉంటాయి, మూడో గంటకి 10 మీటర్ల దగ్గరికి వస్తాయి. మసక మొదలయ్యేదీ అప్పుడే.

మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తానే నీరు పీల్చుకుని కరుగుతుంది. వానాకాలంలో మన ఉప్పు జాడీ చెమ్మగిల్లడం లాంటిదే. శుభ్రమైన గాజుకి పొడిగా ఉండటానికి గాలి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువున్నా చాలు. ఉప్పు పట్టిన గాజుకి మాత్రం దాన్ని ఆనుకున్న గాలిలో తేమ 75 కంటే తగ్గాలి. గాలి 12 డిగ్రీలు, తేమ నిండుగా ఉంటే ఆవిరి ఒత్తిడి 14 హెక్టోపాస్కల్స్. అది 75 శాతమే కావాలంటే గాజు దాదాపు 16.5 డిగ్రీలు ఉండాలి, అంటే గాలికంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ. నా బెల్ట్ ఇస్తున్నది మూడు, గాలి వీస్తే ఒకటి. పైగా సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది ఇంకా తక్కువ తేమకే చెమ్మగిల్లుతుంది. కాబట్టి నాలుగున్నర అనేది కనీసం.

ఇంటికొచ్చి పరీక్షించాను. పాత ఫిల్టర్లు రెండు తీసుకుని, ఒకటి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెట్టాను, రెండోదానిపై సీల్ కోవ్ నుంచి సీసాలో తెచ్చిన నీళ్లు పల్చగా రాసి ఆరబెట్టాను. తడిగుడ్డ వేసిన డబ్బాలో రెండూ పెట్టి, అడుగున అదే హీటర్ బెల్ట్‌తో మూడు డిగ్రీలు ఎక్కువగా ఉంచాను. కడిగింది పొడిగానే ఉంది. ఉప్పు రాసింది మాత్రం గంటలోపే మసకబారింది, ఆ మసక సరిగ్గా నా ఫ్రేముల్లో కనిపించిందే. ఎండ పక్కనుంచి పడినప్పుడు నలుపు బూడిదరంగుకి మారడం, దీపాల చుట్టూ వలయం, అన్నీ అవే. ఎంత సంతోషమేసిందో చెప్పలేను!

మధ్యలో గాజు కడిగితే సరిపోదా అని అడుగుతారు. ప్రయత్నించాను. కడిగినప్పుడల్లా ఫ్రేము మూడు పిక్సెళ్లు జరుగుతుంది, పొగమంచులో సాఫ్ట్‌వేర్ పట్టుకోవడానికి గట్టి అంచు దొరకదు. గుంజల దగ్గర గెంతు కనిపిస్తూనే ఉంది. తెల్లవారుజాము వెలుతురు మార్పుల్ని సర్దడానికి మాత్రం ఎల్‌ఆర్‌టైమ్‌ల్యాప్స్ అనే సాఫ్ట్‌వేర్‌ని మించింది నాకు కనపడలేదు. నా కెమెరా నికాన్ జెడ్6 లోపలున్న, తనంతట తానే ఫ్రేములు తీసే ఇంటర్వల్ టైమర్ మీద కూడా నాకు విడి రిమోట్ల కంటే నమ్మకం ఎక్కువ.

మిగతావన్నీ బాగానే వచ్చాయి. 1860 నాటి స్వాలోటెయిల్ లైట్‌హౌస్ మీద సూర్యోదయం, సౌత్‌వెస్ట్ హెడ్ కొండకొమ్ము దగ్గర బసాల్ట్ స్తంభాలు, రెడ్ పాయింట్‌లో 20 కోట్ల ఏళ్ల పడమటి బసాల్టూ అంతకంటే చాలా పాతదైన తూర్పు రాయీ కలిసే అతుకు. మచియాస్ సీల్ దీవిలో పఫిన్లు అనే సముద్రపక్షులు కూడా దొరికాయి. పక్షుల్ని దాక్కుని చూసే అక్కడి చెక్క గదిలోకి 600 ఎంఎం లెన్స్ మోసుకెళ్లడం దండగ, పక్షులు చేతికందేంత దగ్గరగా నిలబడతాయి.

ఇక తర్వాతి పని. 24 ఎంఎం లెన్స్ వదిలేసి 35కి మారుతున్నాను, లెన్స్ ముందు పొడుగు హుడ్ (గొట్టం లాంటి తొడుగు) పెట్టినా బొమ్మ మూలలు నల్లబడవు. ఫిల్టర్ అసలు వాడను. కెమెరాని ప్లైవుడ్ పెట్టెలో పెట్టి, లోపల 12 వాట్ల హీటర్, 80 ఎంఎం కంప్యూటర్ ఫ్యాన్ బిగించి, వేడిగాలి హుడ్ గుండా బయటికి తోసేలా చేస్తాను. గాజుకి వెచ్చదనం అందుతుంది, తుంపర కూడా ఎదురుగాలికి లోపలికి రాలేదని ఆశ. హీటర్‌కి 78 వాట్‌అవర్లు, ఫ్యాన్‌కి 10. 12 వోల్టుల 10 ఆంపియర్‌అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 128 ఉంటాయి కాబట్టి చల్లటి పొద్దుల్లో కూడా మిగులుతుంది. గాజు ఉష్ణోగ్రతని ఈసారి చిన్న సెన్సర్‌తో నిమిషానికోసారి రాసుకుంటాను.

తేదీలు చూసేటప్పుడు ఒక మాట. మనవైపు అమావాస్య, పున్నమి చూసుకుంటే సరిపోతుంది. ఫండీలో చంద్రుడు భూమికి దగ్గరగా వచ్చే రోజు అంతకంటే ముఖ్యం, రెండూ కలిసిన వారం దొరికితే వదలకూడదు.

అక్టోబర్‌లో పొగమంచు తక్కువ, గాలి, తుంపర ఎక్కువ. పెట్టెని పరీక్షించడానికి అదే మంచిది. నవంబర్ రెండో మంగళవారం ఇక్కడ లాబ్‌స్టర్ వేట మొదలవుతుంది. అంతకుముందు వారమంతా జెట్టీల మీద బోనులు గుట్టలుగా పేరుస్తారు కాబట్టి ఉండిపోగలిగితే ఆ పొద్దున పడవలు బయల్దేరడం కూడా తీయాలి. పెట్టె నిలబడితే జూన్‌లో మళ్లీ సీల్ కోవ్. ఆ తర్వాత పడమటి ఒడ్డున డార్క్ హార్బర్. అక్కడ ఆటు సమయంలో జనం రాళ్ల మీద డల్స్ అనే ఎర్రటి సముద్రపు పాచి ఏరుతుంటారు. వెనక కొండ ఎత్తుగా ఉండటంతో పొద్దెక్కేదాకా ఎండ పడదు. అక్కడ ఎక్స్‌పోజర్ ఎలా పెట్టాలో ఇప్పటినుంచే రాసుకుంటున్నాను.