వాదాల ఇంటిని వెతుక్కుంటూ ఫతేపూర్ సిక్రీకి

ఆగ్రా కంటోన్మెంట్ స్టేషన్‌లో దిగగానే ఆటోవాళ్లంతా తాజ్‌మహల్ పేరే పలికారు. నాన్న మాత్రం "ముందు అక్బరు ఊరికి పోదాం" అన్నారు. ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పిన మనిషి ఆయన. మహాభారతాన్ని పారశీకంలోకి రాయించిన పాదుషా ఒకడున్నాడని తెలిసినప్పటి నుంచి, ఆ కొలువు సాగిన చోటు చూడాలన్నది ఆయన కోరిక.

ఈద్గా బస్టాండులో బస్సెక్కితే దాదాపు నలభై కిలోమీటర్లు. ఆవచేలన్నీ పసుపు పచ్చగా విరగబూసి ఉన్నాయి. దూరాన గుట్ట మీద ఎర్రరాతి కోట కనబడగానే నాన్న కిటికీ అద్దం పక్కకు జరిపారు.

ఇంత పెద్ద నగరానికి ఆయుష్షు ఎంత తక్కువో తలచుకుంటే దిగులు వేస్తుంది. సంతానం నిలవక బాధపడుతున్న అక్బరు ఈ గుట్ట మీది సూఫీ సాధువు షేక్ సలీం చిష్తీ దగ్గరికి వచ్చాడు. 1569లో కొడుకు పుడితే ఆ సాధువు పేరే పెట్టాడు. 1571లో ఇక్కడ రాజధాని కట్టడం మొదలైంది. 1585లో వాయవ్య సరిహద్దు వ్యవహారాల కోసం కొలువు లాహోరుకు తరలిపోయింది. మధ్యలో ఉన్నవి పద్నాలుగేళ్లే.

బులంద్ దర్వాజా మెట్లెక్కి, చెప్పులు విడిచి లోపలికి వెళ్లాం. ద్వారం మీద పారశీకంలో ఒక మాట చెక్కి ఉంది: మరియ కుమారుడు ఈసా చెప్పాడట, లోకం వంతెన లాంటిది, దాటిపో, దాని మీద ఇల్లు కట్టుకోకు అని. అర్థం చెప్పగానే నాన్న ఆగిపోయారు. మసీదు గుమ్మం, విజయానికి గుర్తుగా కట్టిన ద్వారం, దాని మీద ఏసుక్రీస్తు పేరుతో వైరాగ్యం! చిష్తీ సమాధి దగ్గర పాలరాతి జాలీలకు దారాలు కడుతున్న వాళ్లలో బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు ఎందరో ఉన్నారు.

నేను వెతుక్కున్నది మాత్రం ఇబాదత్ ఖానాను. 1575లో అక్బరు కట్టించిన ఆ మందిరంలో గురువారం రాత్రుళ్లు మతచర్చలు జరిగేవి. మొదట ముస్లిం పండితులకే ప్రవేశం. వాళ్లు ఒకరినొకరు దూషించుకోవడం విని పాదుషా మనసు విరిగింది. ఆ తర్వాత తలుపులు అందరికీ తెరిచాడు. బ్రాహ్మణులు వచ్చారు, పార్సీలు వచ్చారు. గోవా నుంచి రొడోల్ఫో అక్వావీవా, మొన్సెరాటే వంటి జెసూట్ పాదరీలు 1580లో వచ్చారు. పాదుషా క్రైస్తవుడు అవుతాడని వాళ్ల ఆశ. అది నెరవేరలేదు. జైనాచార్యుడు హీరవిజయసూరి గుజరాత్ నుంచి ఇక్కడిదాకా కాలినడకన వచ్చాడు. వాహనం ఎక్కకూడదన్నది జైన సాధువుల నియమం. ఆయన మాట మన్నించి జైనుల పర్వదినాలైన పర్యూషణ రోజుల్లో జీవహింసను నిషేధించాడు అక్బరు.

ఆ ఇల్లు ఎక్కడ? ఒక గైడు దివాన్-ఎ-ఖాస్, అంటే పాదుషా ఆంతరంగిక సభామందిరం, చూపించాడు. నడుమ ఒకే ఒక్క స్తంభం, దాని తలమీద పువ్వులా విచ్చుకున్న రాతి దూలాలు, అక్కడి నుంచి నాలుగు మూలలకూ వంతెనలు. అద్భుతంగా ఉంది కానీ నేనడిగింది అది కాదు. ఇంకొకాయన మసీదుకూ జోధాబాయి మహలుకూ మధ్య కూలిన గోడల వైపు చెయ్యి చాచాడు. చరిత్రకారులే ఒక్క మాట మీద లేరు. అంతఃపురాలు నిలిచాయి, గుర్రపుశాలలని చెప్పే కట్టడాలు నిలిచాయి, అన్ని మతాలూ ఎదురెదురుగా కూర్చున్న ఇంటికి మాత్రం గట్టి ఆనవాలు లేదు. నాకు నిజంగానే బాధేసింది.

పంచ్ మహల్ నీడలో కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. నాన్న భారతం ఎత్తుకున్నారు.

"మనకు ముగ్గురు కవులు, దాదాపు మూడు శతాబ్దాలు పట్టింది తల్లీ. ఇక్కడ ఎలా చేశారు?"

పండితులు శ్లోకాలకు అర్థం విప్పి చెబితే నకీబ్ ఖాన్ పారశీకంలో రాశాడని, 1582లో ఆ పని మొదలైందని, దానికి రజ్మ్‌నామా, అంటే యుద్ధగ్రంథం, అని పేరు పెట్టారని చెప్పాను. ఆ పని ఇష్టం లేని ఆస్థాన పండితుడు బదాయూనీ కూడా పాదుషా ఆజ్ఞ కాబట్టి కూర్చుని రాశాడన్నాను. నాన్న ముఖం వెలిగిపోయింది. అదే కాలంలో గోల్కొండలో ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడని పిలిచి కావ్యాలు అంకితమిచ్చిన సంగతి ఆయనే గుర్తుచేశారు.

కానీ అక్బరును దేవుణ్ణి చేసి చెప్పడం నాకు చేతకాదు. 1563లో యాత్రికుల మీద పన్ను తీసేశాడు, 1564లో ముస్లిమేతరుల మీద వేసే జిజియా పన్ను రద్దు చేశాడు. అప్పటికి ఇరవయ్యో ఏడు దాటి ఎంతో కాలం కాలేదు. అదే మనిషి 1568లో చిత్తోడ్‌గఢ్ గెలిచాక సామాన్య ప్రజలను ఊచకోత కోయించాడు. ఆయన ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజలే చచ్చినవాళ్లు ముప్పై వేలని రాశాడు. ఆ విజయాన్ని అవిశ్వాసుల మీద ఇస్లాం గెలుపుగా చాటించారు కూడా. ఇదంతా చెబితే నాన్న ఏమీ అనలేదు. అందరితోనూ శాంతి, సుల్హ్-ఎ-కుల్, అన్న మాట అంత నెత్తురు చూసిన కొలువులో పుట్టిందన్నది ఆయనకు మింగుడు పడలేదు. నాకూ పడలేదు.

మర్నాడు అక్బరు సమాధి ఉన్న సికంద్రాకు వెళ్లాం. తోటలో కృష్ణజింకలు మేస్తున్నాయి. సమాధి ముఖమండపం గోడల మీద బంగారు, నీలి రంగుల చిత్రణ కళ్లు చెదిరేలా ఉంది. అక్కడి నుంచి ఏటవాలు దారిలో కిందికి దిగితే వట్టి గది, ఒక దీపం, ఏ అలంకారమూ లేని ఒకే ఒక్క సమాధి. 1605లో పోయిన పాదుషా అక్కడ ఉన్నాడు.

నాన్న చాలాసేపు నిలబడ్డారు. బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుంటూ అడిగారు.

"ఆ పుస్తకంలో శాంతిపర్వం ఉందా? చచ్చినవాళ్లను తలచుకుని ధర్మరాజు ఏడవడం?"

"పద్దెనిమిది పర్వాలూ రాయించాడు నాన్నా."

"అయితే అదీ రాయించాడు" అన్నారాయన.